బర్రెన్ బీడు కాదండీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఐర్లండ్‌లో క్లేర్ కౌంటీ ఉత్తరాన, బర్రెన్ కొండల్లో గైడుగా తిరుగుతుంటాను. మనవాళ్లు బస్సు దిగీ దిగగానే అనే మాట ఒకటే: "ఏముందండీ ఇక్కడ, అన్నీ రాళ్లేగా!" విని విని విసుగొచ్చింది.

అపోహ: బర్రెన్ అంటే బీడు, ఎవరికీ పట్టని నేల.

వాస్తవం: ఇంగ్లీషులో బీడు అని అర్థమిచ్చే 'బ్యారెన్'కీ దీనికీ చుట్టరికం లేదు. ఐరిష్‌లో ఆ పేరుకి రాళ్లచోటని అర్థం, అంతే. 1651లో ఇటొచ్చిన లడ్లో అనే ఇంగ్లీషు సేనాని, మనిషిని ముంచడానికి నీళ్లు, ఉరితీయడానికి చెట్టు, పూడ్చడానికి మట్టి లేవన్నాడని అందరూ చెప్తారు. రాళ్ల మధ్య గడ్డి తిని ఇక్కడి పశువులు బాగా బలిశాయనీ ఆయనే రాశాడు. అది మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ కొండల్లో చాలాభాగం రైతుల సొంత భూమి. చూడవచ్చినవాళ్లు బీడే కదా అని గోడమీది రాళ్లు పీకి బొమ్మరిళ్లు పేరుస్తారు, గేటు తెరిచి వదిలేస్తారు. ఆవులు పక్క చేలో పడితే వెతుక్కోవాల్సింది ఆ రైతే. రాతి పగుల్లో కాలు ఇరుక్కుని చీలమండ మెలిపడితే మాత్రం నష్టం మీకే.

అపోహ: ఇక్కడి పుల్నబ్రోన్ బల్లరాయి (నిలువు రాళ్లమీద బల్లలా పరిచిన పాతకాలపు బండ) బలిపీఠం.

వాస్తవం: సమాధి. 1986 తవ్వకాల్లో 30 మందికి పైగా ఎముకలు దొరికాయి.

అపోహ: దగ్గర్లో సముద్రం ఒడ్డున ఉన్న మోహర్ కొండ అంచులదీ బర్రెన్‌లోని సున్నపురాయే.

వాస్తవం: కాదు. అవి షేల్, ఇసుకరాయి.

అపోహ: చలికాలంలో ఆవుల్ని కొండమీద గాలికొదిలేస్తారు.

వాస్తవం: గాలికొదలడం కాదు. బర్రెన్ బండ మన తాండూరు బండలాగే సున్నపురాయి. ఎండాకాలపు వేడిని దాచుకుని చలికాలంలో మెల్లగా వదులుతుంది. వేసవిలో పైన నీళ్లకి కటకట. అందుకే మిగతాచోట్ల వేసవిలో పశువుల్ని కొండెక్కిస్తే, ఇక్కడ అక్టోబరులో ఎక్కించి వసంతంలో దించుతారు. అవి ముదురు గడ్డి మేసేస్తేనే మే నెలలో నీలి జెన్షియన్ పూలకి వెలుతురు దక్కేది. మేత ఆగితే హేజెల్ పొదలు కమ్మేస్తాయి.

ఇలాగే ఓ నవంబరులో తుంపర్లో తడుస్తున్న ఆవుల్ని చూసి ఒక పెద్దావిడకి ఒకటే టెన్షన్. "పాపం, వీటికి దిక్కెవరు బాబూ?" రైతు వచ్చి చూసుకుంటాడమ్మా అన్నా నమ్మలేదు. ఆవిడ బాధ నిజమైంది, నవ్వలేం. బండ పగుల్లో చెయ్యి పెట్టమన్నాను. మోచేతిదాకా దిగింది. పైన గాలి కోసేస్తోంది, లోపల గాలే లేదు, పచ్చటి ఫెర్న్ ఆకు వేళ్లకి తగిలింది. ఆవిడ మొహం తేటపడింది.

"మరి పూటకి ఎన్ని లీటర్లిస్తాయి?"

అవి పాలకోసం పెంచేవి కావని చెప్పడానికి నాకు నోరు రాలేదు.