లింకు ఒకటే, అమ్మకి కనిపించింది వేరు

కరెంటు బిల్లు కట్టలేదు, ఈ రాత్రికే లైను కట్ చేస్తాం అని పలాసలో ఉన్న అమ్మ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. లింకు నొక్కితే అచ్చం కరెంటోళ్ల పేజీలాగే ఉంటుంది, సర్వీసు నంబరు అడుగుతుంది, తర్వాత కార్డు నంబరు, ఆ తర్వాత ఓటీపీ. డబ్బు పోయాక ఆవిడ అదే లింకు బెంగళూరులో ఉన్న కొడుక్కి పంపిస్తే, అతను ఆఫీసు లాప్‌టాప్‌లో తెరిచి చూస్తాడు. మొక్కల పెంపకం గురించి ఏదో పేజీ వస్తుంది. "ఇందులో ఏమీ లేదు కదమ్మా, నువ్వు ఇంకేదో నొక్కేసుంటావు" అంటాడు.

ఇద్దరూ చూసింది నిజమే. దీన్ని క్లోకింగ్ అంటారు. మనం ఏ సైటు తెరిచినా, పేజీ రాకముందే మన ఐపీ అడ్రస్ (నెట్‌లో మన కనెక్షన్‌కి ఉండే నంబరు), బ్రౌజర్ పేరు, ఫోనా కంప్యూటరా, ఏ భాష పెట్టుకున్నాం అన్నవి అవతలి సర్వర్‌కి, అంటే ఆ పేజీని పంపే కంప్యూటర్‌కి, చేరిపోతాయి. మోసగాడి సర్వర్ వీటిని చూసే ఏ పేజీ ఇవ్వాలో తేలుస్తుంది. మన దేశపు మొబైల్ నెట్‌వర్క్ మీద ఉన్న ఆండ్రాయిడ్ ఫోనైతే దొంగ పేజీ, గూగుల్ కంప్యూటరో యాంటీవైరస్ కంపెనీదో డేటా సెంటర్‌దో అయితే పద్ధతైన పేజీ. కల్తీ నూనె అమ్మేవాడు ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు మాత్రం మంచి డబ్బా ముందు పెట్టినట్టే.

వాళ్లకి ఇంత అవసరం ఏమిటంటే, గూగుల్ 2007 నుంచి సేఫ్ బ్రౌజింగ్ పేరుతో ప్రమాదకరమైన సైట్ల జాబితా తయారుచేస్తోంది, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఎర్ర హెచ్చరిక చూపించేది దాన్ని బట్టే. అందులోకి ఎక్కితే ఆ సైటుతో ఇక పని జరగదు. ఎక్కకుండా కొన్ని గంటలు నెట్టుకొచ్చినా వాళ్లకి చాలు.

తనిఖీ చేసే ప్రోగ్రాములు కూడా ఫోన్‌లా నటించడం నేర్చుకున్నాయి. అప్పుడు మోసగాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు: స్క్రీన్‌ని ఎవరైనా వేలితో తాకారా లేదా అని చూస్తారు, ముందు "నేను రోబోను కాను" అనే పెట్టె పెడతారు, అక్కడ మెషీన్ ఆగిపోతుంది, మనిషి టిక్ కొట్టి లోపలికి వెళ్లిపోతాడు. అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది ఒక్కసారికే పనిచేసే లింకు. ఒక్కో నంబరుకి వేరే లింకు పంపిస్తారు, మొదటిసారి నొక్కినప్పుడే అసలు పేజీ, రెండోసారి ఎవరు తెరిచినా ఖాళీ. కొడుకైనా పోలీసులైనా చూసేది ఎప్పుడూ ఆ రెండోసారే.

అడ్రస్ పక్కన తాళం గుర్తుంది కదా అని నమ్మడానికీ లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుంచి ఆ తాళం రావడానికి కావాల్సిన సర్టిఫికెట్లు ఉచితంగానే ఇస్తోంది, దొంగ సైటుకైనా దొరుకుతుంది. బ్యాంకుల విషయంలో రిజర్వ్ బ్యాంక్ మంచి పని చేసింది, 2025 అక్టోబరు 31 లోపు బ్యాంకులన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగిసే అడ్రస్‌కి మారాలంది. ఆ పేరు బ్యాంకులకి తప్ప ఇంకెవరికీ ఇవ్వరు.

అందుకే డబ్బు పోయిన మనిషి చెప్పేది ముందు నమ్మండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చేయించండి, మెసేజ్ డిలీట్ చేయనివ్వకండి, పేజీ ఇంకా తెరిచే ఉంటే మళ్లీ లోడ్ చేయకుండా అడ్రస్ మొత్తం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఫిర్యాదు తీసుకునేవాళ్లు "ఈ లింకు పనిచేయట్లేదమ్మా" అంటే, మొదటిసారి నొక్కిన టైము, అప్పుడున్న నెట్‌వర్క్ పేరు కూడా రాసుకోమని అడగండి.