ఏడాది బీఎడ్ గొడవలో ఎవరూ మాట్లాడని ఆ ఒక్క వారం

బీఎడ్ మళ్లీ ఏడాదేనా అని మళ్లీ గొడవ మొదలైంది. 2025 ఫిబ్రవరిలో ఎన్‌సీటీఈ (టీచర్ ట్రైనింగ్ కోర్సులకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) పెట్టిన డ్రాఫ్ట్‌లో నాలుగేళ్ల డిగ్రీ గానీ పీజీ గానీ చేసినోళ్లకి ఏడాది బీఎడ్ చాలు అని ఉంది కదా, మరి మమ్మల్ని రెండేళ్లు ఎందుకు కూర్చోబెట్టారు అని చదివేసినోళ్లు అడుగుతున్నారు.

అసలు మలుపు 2012. మహారాష్ట్ర డీఎడ్ కాలేజీల అనుమతుల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి టీచర్ ట్రైనింగ్ మీద జస్టిస్ జేఎస్ వర్మ కమిషన్ పడింది, 2012లో దాని రిపోర్ట్ వచ్చాక 2014 రెగ్యులేషన్స్ వచ్చి 2015-16 నుంచి బీఎడ్ రెండేళ్లయింది. అందులో 20 వారాలు స్కూల్లోనే గడపాలి, ఫస్టియర్‌లో 4, సెకండియర్‌లో 16. ఆ 16లో మొదటి వారం పాఠం చెప్పడానికి కాదు, రెగ్యులర్ టీచర్ చెప్తుంటే కూర్చుని చూడటానికి. రూల్‌లోనే ఉంది ఇది.

పదిహేనేళ్లు క్లాసుల్లోనే ఉన్నాం, ఇంకా చూసేదేంటి అంటారు. ఉన్నది స్టూడెంట్‌గా కదా, సార్ ఏం చేశాడో తెలుస్తుంది గానీ ఎందుకు చేశాడో తెలీదు. అమెరికా సోషియాలజిస్ట్ డాన్ లోర్టీ 1975లోనే ఈ మాట అన్నాడు, అందుకే మనకి ఎలా చెప్పారో మనమూ అలాగే చెప్పేస్తాం.

ఫ్లాండర్స్ పద్ధతి బీఎడ్ వాళ్లందరికీ తెలుసు, క్లాసులో ఎవరు ఎలా మాట్లాడుతున్నారో చూస్తూ మూడు సెకన్లకోసారి ఒక నంబర్ వేయాలి, పది కేటగిరీలు, అందులో ఏడు టీచర్ మాటలకే. పరీక్షకి బట్టీ కొట్టి వదిలేస్తారు గానీ నిజం క్లాసులో ఒక్క పిరియడ్ వేసి చూడండి. 5, 5, 5, 5 (అంటే లెక్చర్), మధ్యలో ఒక 4, సార్ ప్రశ్న అడిగాడన్నమాట, పిల్లాడి జవాబుకి 8 పడాలి కదా, పడదు, మళ్లీ 5. అడిగిన ప్రశ్నకి ఆయనే జవాబు చెప్పేసుకున్నాడు! పాఠం చెప్తున్నవాడికి ఇది చచ్చినా కనపడదు, వెనక కూర్చున్నవాడికే కనపడుతుంది. ప్రశ్నలన్నీ ముందు రెండు బెంచీలకే పోతున్నాయని కూడా అక్కడ్నించే తెలుస్తుంది.

కాలేజీల యాజమాన్యాలేమో రెండేళ్లంటే సీట్లు నిండట్లేదు, ఖర్చు పెరిగింది అంటాయి. సరే. కానీ అటెండెన్స్ మేనేజ్ చేసి, అబ్జర్వేషన్ రికార్డులు ఒకరివి చూసి ఒకరు రాసుకుంటుంటే సంతకాలు పెట్టింది ఎవరు? అన్ని రికార్డుల్లోనూ అదే లైను, "ఉపాధ్యాయులు చక్కగా బోధించారు, నల్లబల్ల పని బాగుంది". నిజాయితీగా స్కూల్‌కి వెళ్లిన ట్రైనీలు చెప్పేది వేరే, టీచర్లు తక్కువున్న చోట మొదటి రోజే "వచ్చారు కదా, ఏడో తరగతి చూస్కోండి" అని పంపేస్తారు, అక్కడ చూడటానికి ఇంకో టీచరే ఉండడు.

పాత ఏడాది బీఎడ్‌లో లెక్కంతా పాఠాలదే, ఎన్ని లెసన్ ప్లాన్లు అయ్యాయి అని. క్లాసు చూడటానికి అలాంటి లెక్క ఉండదు, చూశాడో నిద్రపోయాడో రికార్డ్ బట్టి తేలదు. కాబట్టి కోర్సు ఏడాదికి తగ్గితే కోత ముందు పడేది దీనిమీదే. ఆ 20 వారాల్లో ఎన్ని మిగులుతాయి, చూసే వారం ఉంటుందా పోతుందా అని ఎన్‌సీటీఈని అడగాలి, ఇప్పుడు అడుగుతున్నదంతా ఫీజు వాపస్ గురించే.