లాకులకి తాళం ఎక్కడ వేస్తారు?

బుజ్జీ, చంటీ,

మొన్న ఫోన్లో చంటిగాడు అడిగినదానికి మీ నాయనమ్మ పడీపడీ నవ్వింది. "తాతయ్యా, లొల్ల ఊళ్లో లాకులు అంటావు కదా, వాటికి తాళం ఎక్కడ వేస్తారు?" అని. వాడి తప్పేం లేదు. బళ్లో లాక్ అంటే తాళం అని నేర్పారు. నాకు తిరగేసి వచ్చింది. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ లాకంటే కాలవ మీదదే. తలుపుకి వేసేదాన్ని కూడా అదే అంటారని ఆరో తరగతిలో మేష్టారు చెబితే, ఇంత ఇత్తడి ముక్కకి అంత పేరేమిటా అనుకున్నాను.

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. అక్కణ్ణించి తవ్విన కాలవలు చేలకి నీళ్లూ ఇచ్చాయి, పడవలకి దారీ ఇచ్చాయి. కానీ మన నేల సముద్రం వైపు వాలు కదా, కాలవని మెట్లు మెట్లుగా దించాల్సి వచ్చింది. నీళ్లు మెట్టు దూకుతాయి, ధాన్యం బస్తాల పడవ దూకదు. అందుకని మెట్టున్న చోట రెండు రాతిగోడల మధ్య పెద్ద తొట్టిలా కట్టి, ఎగువనొక జత, దిగువనొక జత తలుపులు పెట్టారు. అదే లాకు. ఎగువకి పోయే పడవ తొట్టిలోకి రాగానే వెనక తలుపులు మూసేవారు. ఎగువ నీళ్లు కొద్దికొద్దిగా లోపలికి వదిలితే పడవ దానంతటదే పైకి తేలేది. మేం గట్టు మీద కూర్చుని, గోడకి పట్టిన నాచు ఏ రాయి దాకా మునిగిందో చూస్తూ పందాలు కాసేవాళ్లం. లోపలి మట్టం, ఎగువ మట్టం సమానమైతే గానీ ముందు తలుపులు కదలవు.

ఆ తలుపులు తిన్నగా మూసుకోవు. రెండూ ఎగువకి ముక్కు పొడుచుకొచ్చినట్టు ఏటవాలుగా కలుస్తాయి. నీరు ఎంత తోస్తే అంత బిగుస్తాయి. ఇంక తాళం దేనికి? అదీ చంటీ, నీకు జవాబు.

పాత ఇంగ్లీషులో లాక్ అనే మాటకి గడియ అనే అర్థం ఉంది, చుట్టూ మూసిన చోటు అనే అర్థమూ ఉంది. తలుపు తాళం మొదటిదాని బిడ్డ, మన లాకు రెండోదానికి దగ్గర. పోలీస్ స్టేషన్లో లాకప్పు, బ్యాంకులో లాకరు, 2020 మార్చిలో మనందరినీ ఇళ్లల్లో కూర్చోబెట్టిన లాక్‌డౌనూ ఆ వంశమే. బుజ్జి మెళ్లో లాకెట్టు ఫ్రెంచివాళ్ల నుంచి వచ్చింది, అక్కడ అది చిన్న గడియ పేరు. ధనుర్వాతం వస్తే దవడలు బిగుసుకుపోతాయని దానికి లాక్‌జా అని పేరు. తుపాకీ పేల్చే మరని కూడా లాకే అంటారు. అందుకే "లాక్, స్టాక్ అండ్ బ్యారెల్" అంటే తుపాకీలో ముక్క మిగలకుండా, అంటే మొత్తానికి మొత్తం అని.

ఒక్కటి మాత్రం ఈ ఇంటిది కాదు. జుట్టు పాయని కూడా లాక్ అంటారు. అది వేరే మాట, పలుకు కలిసిందంతే. చుట్టరికం కలపకండి.

మనమేం తక్కువ తిన్నామా? గడియ తలుపుకీ ఉంది, ఇరవైనాలుగు నిమిషాలకీ ఆ పేరే. మీ నాయనమ్మ శనివారం ఇంటికి తాళం వేసి, గుళ్లో భజనకి వెళ్లి మళ్లీ తాళం వేస్తుంది!

ఇదంతా ఫోన్లో చెప్పక ఉత్తరం ఎందుకంటే, ఆవిడ ఫోనుకి కొత్తగా నంబరు లాకు పెట్టి, ఆ నంబరు మరిచిపోయింది. సంక్రాంతికి వచ్చాక చంటిగాడే తియ్యాలి.

మీ తాతయ్య