బోడ్‌మాస్: అపోహలు - వాస్తవాలు

లెక్కలో ఏది ముందు, ఏది తర్వాత చేయాలో గుర్తుపెట్టుకోవడానికి బడిలో చెప్పే మాట బోడ్‌మాస్ (BODMAS): బ్రాకెట్లు, ఆర్డర్స్ అంటే 3² లాంటి ఘాతాలు, డివిజన్ (భాగహారం), మల్టిప్లికేషన్ (గుణకారం), అడిషన్ (కూడిక), సబ్‌ట్రాక్షన్ (తీసివేత). లెక్కలు చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి నేను ఎక్కువగా దిద్దింది పెద్ద పెద్ద లెక్కలేం కాదు, 10 − 4 + 3 లాంటివే. చాలామంది 3 అని రాస్తారు. ఎలా వచ్చిందంటే "బోడ్‌మాస్‌లో కూడిక ముందు కదా సార్, అందుకే 4 + 3 ముందు చేసేశా" అంటారు. రూల్ కంఠతా వచ్చు, ఆన్సర్ మాత్రం తప్పు.

అపోహ: అక్షరాలు ఏ వరుసలో ఉంటే లెక్క అదే వరుసలో చేయాలి

బోడ్‌మాస్‌లో ఉన్నవి నాలుగు మెట్లే. బ్రాకెట్లు, ఘాతాలు, ఆ తర్వాత భాగహారం-గుణకారం కలిపి ఒక మెట్టు, కూడిక-తీసివేత కలిపి ఇంకో మెట్టు. ఒకే మెట్టు మీద ఉన్నవాటిని ఎడమ నుంచి కుడికి చేసుకుంటూ పోవాలి. 10లోంచి 4 పోతే 6, దానికి 3 కలిపితే 9, అంతే. అమెరికాలో ఇదే రూల్‌ని పెమ్‌డాస్ అంటారు, అందులో గుణకారం అక్షరం భాగహారం కంటే ముందుంటుంది. అక్షరాల వరుసే రూలైతే 12 ÷ 3 × 2కి బోడ్‌మాస్ చదివినవాళ్లకి 8, పెమ్‌డాస్ చదివినవాళ్లకి 2 రావాలి! రెండుచోట్లా 8 మాత్రమే సరైనది.

ఇందులో ఒక తమాషా ఉంది, నాకూ చాలా ఆలస్యంగా తట్టింది. "భాగహారమే ముందు" అని గుడ్డిగా చేసినా ఆన్సర్ చెడదు. 6 × 8 ÷ 4 తీసుకోండి, ముందు 8 ÷ 4 చేసినా 12, ఎడమ నుంచి 48 ÷ 4 చేసినా 12. అందుకే ఆ తప్పు అలవాటు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా నడిచిపోతుంది, అదే పద్ధతిని కూడిక-తీసివేతకి పట్టుకొచ్చినప్పుడు బయటపడుతుంది.

అపోహ: గుణకారం ముందు అనేది ఎవరో ఊరికే పెట్టిన రూల్

మనుషులు పెట్టుకున్నదే, నిజం. కానీ ఊరికే పెట్టుకున్నది కాదు. 347ని విడదీసి రాస్తే 3 × 100 + 4 × 10 + 7, ఒక్క బ్రాకెట్ కూడా అక్కర్లేదు. కూడిక ముందు అని ఒప్పందం చేసుకుని ఉంటే ఇదే వరుస 3 × 104 × 17 అయి 5304 దగ్గర తేలేది. అప్పుడు మామూలు సంఖ్యని విడదీయడానికి కూడా ప్రతిసారీ బ్రాకెట్లు తగిలించాలి, బీజగణితం సంగతి ఇక చెప్పక్కర్లేదు. అసలు ఈ రూల్ అవసరమే లేని రాత కూడా ఉంది. 1972లో వచ్చిన హెచ్‌పీ-35 కాలిక్యులేటర్‌లో ముందు సంఖ్యలు కొట్టి తర్వాత గుర్తు కొట్టాలి, ఏది ముందన్న గొడవే రాదు.

అపోహ: 8 ÷ 2(2 + 2)కి ఒకటే ఆన్సర్, రెండోది చెప్పినవాళ్లకి లెక్కలు రావు

2019లో నెట్ అంతా దీని మీద కొట్టుకున్నారు. ఎడమ నుంచి కుడికి పోతే 16. బీజగణితంలో పక్కపక్కన రాసినదాన్ని ఒకే ముద్దగా చూసే అలవాటు ఉంది, అలా 2(2 + 2)ని ముందు 8 చేసుకుంటే 1. నన్నడిగితే తప్పు రాతలో ఉంది. గణిత గుర్తులు ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 80000-2 ఈ ÷ గుర్తునే వాడొద్దంటుంది. భిన్నంగా గీత గీసి రాయండి, కింద ఏముందో కనిపిస్తుంది, వాదించడానికి ఏమీ మిగలదు.

అపోహ: కాలిక్యులేటర్ చెప్పిందంటే కరెక్టే

విండోస్ కాలిక్యులేటర్‌లో 2 + 3 × 4 కొట్టి చూడండి. స్టాండర్డ్ మోడ్‌లో 20 వస్తుంది, ఎందుకంటే అది మీరు కొట్టింది కొట్టినట్టు అక్కడికక్కడే చేసుకుంటూ పోతుంది. సైంటిఫిక్ మోడ్‌లో 14.

ఇంకా టెన్షన్ పెట్టేది మైనస్ గుర్తు. గణితంలో −3² అంటే −9, ముందు వర్గం, తర్వాత మైనస్. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో -3**2 కొడితే అదే వస్తుంది, ఎక్సెల్‌లో =-3^2 కొడితే మాత్రం 9 వస్తుంది, అది మైనస్‌ని ముందే 3కి అంటించేస్తుంది కాబట్టి. ఎర్రర్ చూపించదు, హెచ్చరించదు, కింద వందల గడుల్లోకి అదే ఫార్ములా కాపీ అయిపోతుంది. నేనైతే ఎక్సెల్‌లో =-(3^2) అనే కొడతాను.