పెన్సిల్ సెల్స్‌కి మంచి ఛార్జర్: ఎప్పుడు ఆపాలో తెలిసినది

వెయ్యిసార్లు ఛార్జ్ చేసుకోవచ్చన్న మాట నమ్మి రీఛార్జబుల్ సెల్స్ కొన్నవాళ్లు చాలామంది ఏడాది తిరక్కుండానే వాటిని పక్కన పడేస్తారు. బొమ్మ కారు పది నిమిషాలకే ఆగిపోతుంది. బీపీ మిషను పట్టీ పూర్తిగా ఉబ్బకముందే తెర ఆరిపోతుంది. తిట్లన్నీ సెల్స్‌కే పడతాయి గానీ, చాలాసార్లు వాటిని పాడుచేసేది ప్యాకెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఛార్జరే. చెన్నైలాంటి వేడి ఊళ్లో ఈ నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది. ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌కు వెళ్లి కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, ముందు ఛార్జర్ సంగతి తేల్చుకుని ఆ తర్వాత సెల్స్ ఎంచుకోండి.

ఇళ్లలో వాడే రీఛార్జబుల్ పెన్సిల్ సెల్స్‌లో ఎక్కువ భాగం నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం. మామూలు సైజు, అంటే డబుల్ ఏ, నాణ్యమైనదైతే సామర్థ్యం 2000 ఎంఏహెచ్ (మిల్లీఆంప్ గంటలు, సెల్‌లో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే లెక్క) దగ్గర ఉంటుంది. సన్నది, ట్రిపుల్ ఏ, 800 దగ్గర ఉంటుంది. పైన 1.2 వోల్టులని రాసి ఉన్నా, ఛార్జ్ అవుతున్నప్పుడు 1.4 దాటి, నిండే వేళకు 1.5కి దగ్గరవుతుంది. అప్పటిదాకా లోపలికి వెళ్లిన కరెంటులో చాలా భాగం నిల్వ అవుతుంది. నిండాక కథ మారుతుంది. పాజిటివ్ పలక దగ్గర ఆక్సిజన్ పుట్టడం మొదలవుతుంది. అది నెగటివ్ పలకలోని మిశ్రలోహాన్ని చేరి, అక్కడ దాగిన హైడ్రోజన్‌తో కలిసి నీరవుతుంది. ఆ కలయికలో వేడి పుడుతుంది. అంటే నిండిన సెల్‌లోకి ఇంకా పంపే కరెంటంతా వేడిగా మారడమే. అలా గంటల తరబడి సాగితే లోపల పీడనం పెరిగి, సెల్ మూత దగ్గరి కవాటం తెరుచుకుంటుంది. లోపలి ద్రవం కొద్దికొద్దిగా ఆరిపోతుంది, అంతర్నిరోధం, అంటే కరెంటుకు సెల్ లోపల ఎదురయ్యే అడ్డు, పెరుగుతుంది. ఛార్జ్ నిండుగా చూపించి, పనిలో పెట్టగానే చతికిలపడే సెల్స్ చాలావరకు ఇలా తయారైనవే.

వేడెక్కినప్పుడు సెల్ ఇంకో పని కూడా చేస్తుంది. అంతదాకా పైకి వెళ్లిన వోల్టేజీ, శిఖరం దాటాక 5 మిల్లీవోల్టులంత కిందికి దిగుతుంది. వోల్టులో రెండువందల వంతు. మంచి ఛార్జర్ కాచుకుని ఉండేది ఈ చిన్న దిగుడు కోసమే. అట్ట మీద 'నెగటివ్ డెల్టా వి' అని రాసేది దీన్నే. అది తప్పిపోతే ఆదుకోవడానికి ఉష్ణోగ్రతను కనిపెట్టే ఏర్పాటు, ఇన్ని గంటలు దాటితే ఆపేసే టైమరు కూడా ఉండాలి. ఈ మూడూ ఉన్నదే కొనదగ్గ ఛార్జర్.

చవక ఛార్జర్లకు ఈ తెలివి ఉండదు. సెల్ సామర్థ్యంలో పదోవంతు కరెంటును, అంటే 2000 ఎంఏహెచ్ సెల్‌కు 200 మిల్లీఆంప్స్‌ని, 14 నుంచి 16 గంటలు పంపాలన్నది పాత లెక్క. పూర్తిగా ఖాళీ అయిన సెల్‌కు ఆ లెక్క తప్పేమీ కాదు. సగం నిండిన సెల్‌కూ అదే 16 గంటలు పెడితేనే చిక్కు. ట్యాంకులో నీళ్లెంత ఉన్నాయో చూడకుండా, గడియారం చూసి మోటారు ఆపినట్టే ఇదీ. పైగా మధ్యలో కరెంటు పోయి వస్తే టైమరు మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుంది. పన్నెండు గంటలు ఛార్జ్ అయిన సెల్ మీద ఇంకో పదహారు గంటలు పడతాయి. టైమరు కూడా లేని ఛార్జర్లయితే మనం ప్లగ్గు తీసేదాకా నడుస్తూనే ఉంటాయి.

రెండో లోపం జంటలుగా ఛార్జ్ చేయడం. నాలుగు గళ్లు ఉన్నా లోపల రెండేసి సెల్స్‌ని వరసగా కలిపేస్తారు. ఆ రెండింటిలో ఒకటి ముందే నిండితే దాన్ని విడిగా ఆపే దారి లేదు. రెండోది నిండేదాకా అది ఉడుకుతూనే ఉంటుంది. టార్చిలో, మౌస్‌లో సెల్స్ సమానంగా ఖర్చవుతాయనుకున్నా, నెలలు గడిచేకొద్దీ తేడా పెరుగుతుంది. కాబట్టి ప్రతి గడికీ విడి సర్క్యూట్ ఉన్నదే తీసుకోవాలి.

కొట్లో ఇది కనిపెట్టడం కష్టమేమీ కాదు. ఛార్జర్‌ని తిరగేసి 'అవుట్‌పుట్' అన్న వరస చదవండి. అక్కడ 2.4 లేదా 2.8 వోల్టులని ఉంటే జంటల రకం. 1.2 గానీ 1.5 గానీ రాసి, పక్కన ఇంటూ 4 అని ఉంటే చాలావరకు విడి గళ్లే. నాలుగు గళ్లకు రెండే లైట్లుంటే అనుమానించండి. 'రెండు లేదా నాలుగు సెల్సే పెట్టాలి' అన్న సూచన ఉంటే అనుమానం కూడా అక్కర్లేదు. సెల్ సామర్థ్యాన్ని బట్టి ఇన్ని గంటలు ఉంచి తీసేయాలని పట్టిక ఇచ్చారంటే, ఆపే బాధ్యత మనదేనన్నమాట.

ఇప్పటికే ఇంట్లో ఉన్న ఛార్జర్‌ని పరీక్షించాలంటే, అప్పుడే నిండిన సెల్‌ని ఓ గంట చల్లారనిచ్చి మళ్లీ అందులో పెట్టండి. తెలివైన ఛార్జరైతే పది పదిహేను నిమిషాల్లో నిండిందని చూపిస్తుంది. అరగంట దాటినా ఎర్ర లైటు మారకుండా సెల్ వేడెక్కుతూ ఉంటే, ఆ ఛార్జర్‌కు ఆపడం రాదు.

కరెంటు ఎంత ఉండాలన్న దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. నెమ్మదిగా ఛార్జ్ చేస్తే సెల్‌కు మంచిదని అందరికీ ఓ నమ్మకం. కానీ కరెంటు మరీ తక్కువైతే ఆ 5 మిల్లీవోల్టుల దిగుడు అసలు కనిపించకపోవచ్చు, ఛార్జర్ దాన్ని దాటేసి వెళ్లిపోతుంది. మరీ ఎక్కువైతే వేడి. డబుల్ ఏకి 500 నుంచి 1000 మిల్లీఆంప్స్, ట్రిపుల్ ఏకి 250 నుంచి 400 మధ్య ఉంటే బాగుంటుంది. సన్న సెల్ పెట్టినప్పుడు కరెంటును తనంతట తాను తగ్గిస్తుందో లేదో తప్పక చూడాలి. 800 ఎంఏహెచ్ సెల్‌లోకి 1000 మిల్లీఆంప్స్ నెట్టడం దాన్ని శిక్షించడమే. కొన్ని వేగం ఛార్జర్లలో ఇంకో కిటుకు ఉంది. ఉదాహరణకు పానసోనిక్ బీక్యూ-సీసీ55 రెండు డబుల్ ఏ సెల్స్‌ని గంటన్నరలో నింపుతుంది, నాలుగు పెడితే మూడు గంటలు తీసుకుంటుంది. నాలుగు పెట్టినప్పుడు ఒక్కోదానికి అందే కరెంటు సగమవుతుంది. తొందర లేనప్పుడు నాలుగు గళ్లూ నింపితే సెల్స్ చల్లగా ఉంటాయి.

ఇక చెన్నై వేడి. ఈ సెల్స్‌ని 0 నుంచి 45 డిగ్రీల మధ్యే ఛార్జ్ చేయాలంటారు. 10 నుంచి 30 మధ్య అయితే మేలు. మే నెలలో బయట 40 దాటే రోజుల్లో గదిలోనే 34, 35 ఉంటుంది. ఛార్జర్ దాని మీద మరో 10, 15 డిగ్రీలు పెంచితే హద్దు దాటినట్టే. వేడి సెల్‌లో ఆక్సిజన్ ముందుగానే పుట్టడం మొదలవుతుంది కాబట్టి పెట్టిన కరెంటు పూర్తిగా నిల్వ కాదు. దానికి తోడు ఆ వోల్టేజీ దిగుడు కూడా చిన్నబోతుంది. ఛార్జర్‌కు ఆపాల్సిన అవసరం ఎక్కువున్నప్పుడే ఆపడానికి ఆనవాలు తక్కువ దొరుకుతుందన్నమాట. అందుకని ఎండాకాలంలో తెల్లవారుజామున గానీ, రాత్రి ఫ్యాన్ గాలి తగిలే చోట గానీ పెట్టండి. ఫ్రిజ్ మీద, సెట్‌టాప్ బాక్స్ మీద, పరుపు మీద వద్దు. గచ్చు మీద పెట్టినా ఫరవాలేదు. సెల్ గోరువెచ్చగా ఉంటే సహజమే. చేత్తో పట్టుకోలేనంత కాలుతుంటే వెంటనే ప్లగ్గు తీసేయండి. సముద్రపు గాలికి గళ్లలోని లోహపు పట్టీలు మసకబారతాయి. అప్పుడప్పుడూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో, ప్లగ్గు తీసి ఉంచి, తుడవాలి. స్పర్శ సరిగా లేకపోతే ఛార్జర్ వోల్టేజీని తప్పుగా చదివి మధ్యలోనే ఆపేస్తుంది.

తెర ఉండి, ఎంఏహెచ్ కొలిచి చూపించే ఛార్జర్‌కు కాస్త ఎక్కువ ధర పెట్టడం నా దృష్టిలో దండగ కాదు. సెల్‌ని పూర్తిగా ఖాళీ చేసి, మళ్లీ నింపి, అసలు ఎంత పడుతుందో చెబుతుంది. 2000 అని రాసి ఉన్నది 1200 కంటే తక్కువ చూపిస్తే దాన్ని రిమోట్‌కు కేటాయించండి. దగ్గర దగ్గర అంకెలు వచ్చినవాటిని జతకట్టి, మార్కర్‌తో ఒకే గుర్తు పెట్టి, ఎప్పుడూ కలిపే వాడండి. నెలల తరబడి వాడని సెల్స్‌కి రెండు మూడుసార్లు ఇలా ఖాళీ చేసి నింపే 'రిఫ్రెష్' చేస్తే కొంత తేరుకుంటాయి. ప్రతిసారీ చేయనక్కర్లేదు, చేస్తే ఆయుష్షే ఖర్చు.

సెల్స్ విషయంలో ఒక హెచ్చరిక. డబుల్ ఏ నికెల్ సెల్‌లో నిజంగా పట్టేది మహా అయితే 2700 ఎంఏహెచ్ ప్రాంతం. 3500, 4600 అని అచ్చేసినవి అబద్ధాలు. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉండటమే ఆనవాలు. అసలుది 26 నుంచి 31 గ్రాములు తూగుతుంది. ప్యాకెట్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

నికెల్ ఛార్జర్‌లో పెట్టకూడనివి మూడున్నాయి. మామూలు ఆల్కలైన్ సెల్స్ కారిపోతాయి. యూఎస్‌బీ కేబుల్‌తో ఛార్జ్ అయ్యే 1.5 వోల్టుల లిథియం సెల్స్‌కి వాటి సొంత సర్క్యూట్ లోపలే ఉంటుంది, వాటిని కేబుల్‌తోనే ఛార్జ్ చేయాలి. అచ్చం పెన్సిల్ సెల్ సైజులోనే ఉండే 14500 రకం లిథియం సెల్ 3.7 వోల్టులది. దాన్ని నికెల్ ఛార్జర్‌లో గానీ, పెన్సిల్ సెల్ పట్టే వస్తువులో గానీ పెట్టొద్దు.

కొత్త ఛార్జర్ తెచ్చాక పాత సెల్స్‌లో కొన్నిటిని అది అసలు తీసుకోదు, లైటు టపటపా కొట్టుకుంటుంది. అంతర్నిరోధం పెరిగిపోయి, పెట్టగానే వోల్టేజీ 1.7 దాటితే అలా తిరస్కరిస్తుంది. అవి పోయినట్టే. చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి. వోల్టేజీ మరీ పడిపోయినందుకే ఒప్పుకోని సెల్స్ వేరు. వాటిని పాత మొద్దు ఛార్జర్‌లో పది నిమిషాలు, పక్కనే ఉండి, పెట్టి తీస్తే కొత్తది ఒప్పుకుంటుంది. పాత ఛార్జర్‌ని దాచుకోవాల్సింది ఆ పది నిమిషాల పనికి మాత్రమే.