చచ్చిందనుకున్న జన్యువు

ఆఫ్రికాలో డ్రోసోఫిలా యకుబా, డ్రోసోఫిలా టెస్సియెరి అని రెండు జాతుల బుల్లి ఈగలున్నాయి. వాటిలో ఒక జన్యువు చచ్చిపడి ఉందని శాస్త్రవేత్తలు అనుకున్నారు. ఆల్కహాల్‌ను అరాయించుకునే ఎంజైమ్ కోసం ఉన్న జన్యువుకు అది నకలు. ఆ నకలు పుట్టిన తీరే వింత. కణం ఎప్పుడూ డీఎన్ఏని చూసి ఆర్ఎన్ఏ ప్రతి రాసుకుంటుంది. ఇక్కడ ఆ ప్రతి తిరిగి డీఎన్ఏగా మారి, ఇంకెక్కడో అతుక్కుంది. అలా అతుక్కున్న వాటికి 'ఇక్కణ్ణుంచి చదువు' అని చెప్పే భాగం ఉండదు. కాబట్టి చాలావరకు పలుకూ ఉలుకూ లేకుండా పడి ఉండి, మెల్లగా చెడిపోతాయి.

ఇది మాత్రం చెడిపోలేదు. 1993లో మాన్యువాన్ లాంగ్, చార్లెస్ లాంగ్లీ పరీక్షించి చూస్తే బతికే ఉంది! అది వెళ్లి పడింది మరో జన్యువు నడుమ. దాని ముందు భాగాన్ని తనతో కలుపుకుని, అంతకుముందు ఏ ఈగలోనూ లేని ప్రొటీన్‌ను తయారుచేస్తోంది. సముద్రంలో మునిగి చనిపోయి, పక్షిగా మళ్లీ పుట్టిన చైనా పురాణ రాకుమారి జింగ్‌వే పేరే దానికి పెట్టారు. వయసు సుమారు 20 నుంచి 25 లక్షల ఏళ్లు. జన్యువుల లెక్కలో పసిబిడ్డ. అందుకే అతుకులు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. పాత జన్యువుల్లో ఆ గుర్తులు ఎప్పుడో చెరిగిపోయాయి.

కొత్త జన్యువుల్లో ఎక్కువ భాగం నకళ్లే. అసలుది పాత పని చేస్తూ ఉంటుంది కాబట్టి, నకలు ఎంత మారినా పురుగుకు ప్రాణాపాయం లేదు. పారే నీటి మీద పరుగెత్తే రాగోవేలియా అనే పురుగుల నడిమి కాళ్లకు విసనకర్రల్లాంటి కుచ్చులుంటాయి. ఆ కుచ్చులు ఎదగడానికి తోడ్పడే గీషా అనే జన్యువు, పక్కనే ఉన్న పాత జన్యువుకు నకలుగా పుట్టింది. ఆ రెండింటినీ పనిచేయకుండా ఆపితే కుచ్చులు సరిగా ఎదగవు, ప్రవాహానికి ఎదురు వెళ్లడం కష్టమవుతుంది. తెల్లదోమది వేరే దారి: మొక్కల విషాన్ని విరిచే జన్యువు దానికి మొక్కల నుంచే వచ్చిందని 2021లో తేలింది.

నాకు అన్నింటికంటే ఆశ్చర్యం కలిగించేవి ఏ జన్యువుకూ నకలు కానివి. అర్థంలేని డీఎన్ఏ నుంచి పనికొచ్చే ప్రొటీన్ పుట్టడం దాదాపు అసాధ్యమని 1977లో ఫ్రెంచ్ జీవశాస్త్రవేత్త ఫ్రాన్స్వా జాకబ్ రాశారు. చాలామంది అదే నమ్మారు. కానీ 2006లో పండ్ల ఈగల్లో అలా పుట్టిన జన్యువులు కొన్ని బయటపడ్డాయి. ఎక్కువగా మగ ఈగల వృషణాల్లోనే పనిచేస్తున్నాయి. అక్కడి కణాలు డీఎన్ఏలో చాలా భాగాన్ని, అవసరం ఉన్నా లేకున్నా, ఆర్ఎన్ఏగా రాసేస్తుంటాయి. వాటిలో ఎప్పుడో ఒకటి పనికొస్తుంది. గొడార్డ్ అనే జన్యువు అలా వచ్చిందే. దాన్ని ఆపేస్తే ఆ ఈగలో వీర్యకణాలు పూర్తిగా తయారు కావు, సంతానమే ఉండదు.