పోయిన ఆకుల ఆచూకీ

1350 డిసెంబరు 7న ఇటలీ కవి పెట్రార్క్ ఒక ఉత్తరం రాశాడు. అందుకోవాల్సిన మనిషి పోయి అప్పటికే పన్నెండు వందల ఏళ్లు దాటింది. ఆయన పేరు క్వింటిలియన్. స్పెయిన్‌లో పుట్టి, రోమ్‌లో వక్తృత్వం నేర్పుతూ ప్రభుత్వ ఖజానా నుంచి జీతం అందుకున్న పంతులు. పిల్లవాడి తొలి అక్షరాల దగ్గర్నుంచి న్యాయస్థానంలో చేతులెలా ఆడించాలో దాకా 12 సంపుటాల్లో లాటిన్‌లో రాశాడు. ఆ గ్రంథం ‘ఇన్‌స్టిట్యూషియో ఒరాటోరియా’. పెట్రార్క్‌కు దొరికింది మాత్రం గండ్లు పడిన ప్రతి. అందమైన దేహాన్ని ముక్కలుగా చూస్తున్నట్టుందని ఆ ఉత్తరంలోనే వాపోయాడు.

ఆ గండ్లు ఆయన ప్రతిలో పడినవి కావు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో 351 నంబరుతో 9వ శతాబ్దపు ప్రతి ఒకటి ఉంది. అందులో 5వ సంపుటం చివర్లో తెగిన పాఠం 8వ సంపుటం మధ్యలో గానీ మళ్లీ అందుకోదు. 6, 7 సంపుటాలు మొత్తానికే లేవు. ఇదే గండి, ఇదే చోట, మరికొన్ని ప్రతుల్లోనూ కనిపిస్తుంది. నలుగురు పిల్లలు పరీక్షలో ఒకే లెక్క ఒకే రకంగా తప్పు చేస్తే మాస్టారికి ఏం అర్థమవుతుంది? ఇదీ అంతే. ఏదో ఒక తల్లిప్రతిలో ఆకులు ఊడిపోయాయి, పిల్లలన్నీ ఆ లోటుతోనే పుట్టాయి.

చిన్న తప్పులు ఇంకా గట్టి సాక్ష్యం. ‘తోటకు వెళ్లి నీళ్లు పెట్టి వచ్చాను. పొలానికి వెళ్లి కలుపు తీయించి వచ్చాను’ అని మూలంలో ఉందనుకోండి. లేఖకుడు మొదటి ‘వచ్చాను’ దాకా రాసి తలెత్తుతాడు. కన్ను రెండో ‘వచ్చాను’ మీద పడుతుంది, అక్కణ్నుంచి సాగిపోతాడు. పొలం గల్లంతు. ఆ ప్రతిని చూసి రాసిన వాళ్లెవరికీ పొలం దొరకదు. జన్యువుల్లో మార్పులు తరాలు దిగినట్టే తప్పులూ దిగుతాయి. అందుకే జీవపరిణామ వృక్షాలు గీసే కంప్యూటర్ పద్ధతుల్ని రాతప్రతుల మీదా ప్రయోగించారు. మన లేఖకులైతే ముందే చేతులు కడుక్కున్నారు: ‘యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా’, చూసినట్టే రాశాను, తప్పు నాది కాదు అని.

10వ శతాబ్దంలో ఎవరో ఈ లోటు పూడ్చారు. జర్మనీలోని బాంబర్గ్‌లో ఉన్న ప్రతిలో గండ్లున్న చోట్ల వేరే చేతిరాత కనిపిస్తుంది. నిండుగా ఉన్న మరో ప్రతి తెచ్చి, లేని భాగాలు ఎత్తి రాశారన్నమాట. తోలు మీద రాత అది. దూడ, గొర్రె చర్మాన్ని సున్నపు నీళ్లలో నానబెట్టి, చట్రానికి బిగించి గీకితే తయారయ్యే పుట. అప్పట్లో బాగా వాడిన సిరాకు దినుసులు మన పచారీ కొట్టు సరుకే: మాచికాయ, అన్నభేది, జిగురు. రాసినప్పుడు పేలవంగా ఉంటుంది. గాలి తగిలి ఇనుము ఆక్సీకరణం చెందేకొద్దీ నల్లబడుతుంది.

ఇక 1416. కాన్‌స్టాన్స్ నగరంలో చర్చి మహాసభ సాగుతోంది. పాత గ్రంథాల కోసం వెతికే ఇటలీ పండితుడు పోజ్జో బ్రాచోలినీ కొలువు చేసిన పోపును అంతకు ముందు ఏడాదే ఆ సభ గద్దె దించింది. పోజ్జోకు చేతిలో పని లేదు. ఇద్దరు మిత్రులతో దగ్గర్లోని సాంక్ట్ గాలెన్ ఆశ్రమానికి వెళ్లాడు. గోపురం అడుగున చీకటి కొట్లో, బూజు, దుమ్ము పట్టి, అయినా చెక్కుచెదరకుండా క్వింటిలియన్ దొరికాడు. ఉరిశిక్ష పడ్డవాణ్ని కూడా తోయని చోటని పోజ్జో ఉత్తరంలో రాశాడు. సన్యాసుల మీద అక్కసుతో కాస్త ఎక్కువే చెప్పి ఉంటాడని నా అనుమానం. ఏదేమైనా రెండు నెలలు నిండకుండా మొత్తం స్వహస్తంతో రాసుకున్నాడు. 1470లో రోమ్‌లో అచ్చూ అయింది.

తప్పులు పట్టి చూస్తే ఆయనకు దొరికిన 11వ శతాబ్దపు ప్రతి కూడా బాంబర్గ్ అతుకుల సంతతే. అదిప్పుడు జూరిచ్‌లో ఉంది, సి 74ఏ నంబరుతో. 1712 యుద్ధంలో జూరిచ్, బెర్న్ సేనలు ఆ ఆశ్రమ గ్రంథాలయాన్ని కొల్లగొట్టాయి.

ఊడిపోయిన ఆకుల్లో 6వ సంపుటం పీఠిక ఉంది. అక్కడ పంతులు పాఠం ఆపేస్తాడు. పందొమ్మిదేళ్లు నిండని భార్య, చిన్న కొడుకు ముందే పోయారు. తొమ్మిదేళ్లు దాటిన పెద్దవాడూ ఇప్పుడు పోయాడు. వాడి కోసమే రాస్తున్న ఈ పుస్తకం ఇక ఎవరికని అడుగుతాడు. పెట్రార్క్ తన ఉత్తరం రాసేనాటికి ఆ పుట చూడలేదు.